సూది ఇరుసు

మ్యూజియం, మరమ్మతు గది
జూన్

మామయ్యకి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ అత్తయ్యా క్షేమమే అనుకుంటున్నాను. కాకపోతే ఈపాటికి నువ్వే రాసి నన్ను తిట్టి ఉండేవాడివి. ఫోన్ చేస్తే ఎత్తవు. ఫోనులో తిట్టింది గాలికి పోతుంది, కాగితం మీద తిట్టింది నాలుగు కాలాలుంటుంది అని నీ సిద్ధాంతం. అందుకని కాగితం మీదే రాస్తున్నాను. ఈసారి నీకు తిట్టుకోవడానికి మంచి సరుకు దొరికింది.

మా గదికి ఒక జేబు గడియారం వచ్చింది. ఒక రైలింజను డ్రైవరుదట. ఆయన పోయి చాలా కాలమైంది. ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువాలో దొరికిందని మనవలు తెచ్చి మ్యూజియానికి ఇచ్చారు. వెండి కేసు, తెల్లటి ఎనామిల్ డయల్, దూరం నుంచి కూడా కనిపించే పెద్ద అంకెలు. ఇచ్చేముందు మనవలు కేసుని పళ్ళపొడి పెట్టి రుద్దినట్టున్నారు, తళతళలాడుతోంది. పైన పటారం, లోన లొటారం. వెనక మూత తీశాను మామయ్యా, తీసి మళ్ళీ మూసేశాను. ఎవరింట్లోనో చూడకూడనిది చూసినట్టయింది.

స్క్రూ తల చూస్తే పని చేసినవాడి జాతకం చెప్పొచ్చంటావు కదా. ఈ గడియారంలో సరైన తల ఉన్న స్క్రూ ఒక్కటీ లేదు. గాట్లన్నీ చీరుకుపోయాయి. స్క్రూడ్రైవర్ కాదు, కత్తెర మొన పెట్టి తిప్పినట్టున్నాడు. జారినచోటల్లా ఇత్తడి పలక మీద కోడి గీరినట్టు గీతలు. ఈ మహానుభావుడెవరో, ఎప్పుడు చేశాడో ఎవరికీ తెలీదు. నేను మాత్రం పేరు పెట్టేశాను, గునపం అని. ఇప్పుడు మా గదిలో అందరూ ఆ పేరే అంటున్నారు.

ఇంకో సంగతి. మా పెద్ద మేస్త్రీ ఈ ఏడు రిటైరవుతున్నాడు. గడియారాల పెద్ద బల్ల ఖాళీ అవుతుంది. పోటీలో నేనూ, నా పక్క బల్లవాడూ. ఇదివరకు రాశాను కదా, నేను పాలిష్ అని పేరు పెట్టినవాడు. ఏది చేతికిచ్చినా అద్దంలా రుద్ది, తాతల నాటి వస్తువుని నిన్న షాపులో కొన్నట్టు చేసి ఇస్తాడు. అదే పనితనమనుకుంటాడు. సెప్టెంబరులో ట్రస్టీలు వస్తారు, ఇద్దరం చెరో గడియారం చూపించాలి. నేను గునపం గడియారాన్నే తీసుకున్నాను. చెడగొట్టిన పని ఎలా ఉంటుందో ముందు చూపిస్తాను. ఆ చెత్తంతా పీకేసి, అసలు పని ఎలా ఉండాలో తర్వాత చూపిస్తాను. ఎలా ఉంది ఆలోచన?

నీ
మేనకోడలు


దుకాణం
జూన్ చివర

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు. స్క్రూకీ మేకుకీ తేడా తెలియని మనిషి ఏం నవ్వుతుంది. నేను మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. గునపం అన్న పేరు బాగా కుదిరింది.

గడియారం విప్పడానికి రెండు చేతులుంటే చాలు, కాస్త సిగ్గు లేకపోతే మరీ మంచిది. బిగించడానికే చదువు కావాలి. ఈ గునపంగాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. నా ఎదురు దుకాణంవాడికి బ్యాటరీ మార్చడం తప్ప ఇంకేమీ రాదు. మొన్న 'వాచీల డాక్టర్' అని బోర్డు రాయించుకున్నాడు. వెళ్ళి అడిగాను, "డాక్టరుగారూ, మరి నాడి కూడా చూస్తారా?" అని. టీ తాగి వెళ్ళండి అన్నాడు. అలాంటివాళ్ళకి సిగ్గు తక్కువ, మర్యాద ఎక్కువ.

పని రానివాడు గడియారం ముట్టుకుంటే పిచ్చోడి చేతిలో రాయే అనేవాడు మా నాన్న. అందుకే పనిముట్ల సొరుగుకి తాళం వేసేవాడు. ఆయన పోయాక నేనూ వేస్తున్నాను. దుకాణం పేరు నిలిచిందంటే ఆ తాళం వల్లే.

మీ అమ్మ నిన్ను తెచ్చి నా బల్ల ముందు నిలబెట్టి "అన్నయ్యా, దీనికి నేర్పు" అన్న రోజు, నేను కాదంటానని భయపడింది. నేను కాదనలేదు. పాపం, కుట్టుమిషన్ తొక్కి తొక్కి బతుకు వెళ్ళదీసింది నా చెల్లెలు. నిన్ను పెద్ద బల్ల దగ్గర చూడకుండానే పోయింది. కాబట్టి విను. గునపం చేసిన పని ఒక్కటీ మిగల్చకు. మనిషి మీద జాలి పడొచ్చు గాని చెడ్డ పని మీద జాలి పడకూడదు. ట్రస్టీల ముందు ఒక్కొక్కటీ పీకి పళ్ళెంలో పెట్టి చూపించు. డయల్ తీశాక ఇంకా ఏమేం ఘనకార్యాలు బయటపడ్డాయో వివరంగా రాయి. ఈ వయసులో నాకు ఇంతకంటే వినోదం లేదు.

మామయ్య


మ్యూజియం, మరమ్మతు గది
జులై

మామయ్యకి,

అడిగావుగా, కూర్చుని చదువు. అత్తయ్యని కూడా పిలువు, ఇది ఆవిడకీ అర్థమవుతుంది. గునపం గడియారాన్ని కుట్టాడు. దారం పెట్టి కుట్టాడు.

డయల్ వెనక దాన్ని పట్టి ఉంచే రాగి కాళ్ళుంటాయి కదా, అందులో ఒకటి విరిగి పొట్టిదైంది. మనమైతే కొత్త కాలు అతుకుతాం. గునపం ఏం చేశాడంటే, ఆ పొట్టి కాలికి పట్టుదారం చుట్టి, పక్కనున్న చిన్న ఇత్తడి స్తంభానికి లాగి కట్టి, దాని మీద కాజా కుట్టు వేశాడు. చొక్కా బొత్తానికి వేసే కాజా కుట్టే. నేను భూతద్దంలో చూసి గట్టిగా నవ్వేశాను. పాలిష్ కూడా తన రుద్దుడు ఆపి వచ్చి చూశాడు. "పాపం, గడియారానికి చలేస్తుందని కోటు కుట్టాడేమో" అన్నాడు. ఏడాదికొకసారైనా అతను నవ్వొచ్చే మాట అంటాడు.

అసలు కథ ఇంకా ఉంది. టిక్ టిక్‌మని ఊగే ఆ బాలెన్స్ చక్రం ఇరుసు నీ దగ్గర నాతో ఎన్నిసార్లు చేయించావో గుర్తుందా? మొన కొంచెం లావైతే పారేసి మళ్ళీ చెయ్యమనేవాడివి. ఇక్కడి ఇరుసు సూదితో చేసింది. మామూలు సూది కూడా కాదు, కుట్టుమిషన్ సూది. మిషన్ సూదికి నిలువునా ఒక గాడి ఉంటుంది చూడు, దారం కూర్చోడానికి. ఆ గాడి ఇరుసు నడుం మీద ఇంకా కనిపిస్తోంది. సూదిని మంటలో పెట్టి మెత్తబరిచాడు, అరగదీశాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత మళ్ళీ గట్టిపరచాలని గునపానికి తెలీదు. మెత్తటి ఉక్కు ఎన్నాళ్ళు ఆగుతుంది. మొనలు రెండూ కొవ్వొత్తిలా వంగిపోయాయి, మొన ఆనే కింద కెంపు రాయి పగిలింది. ఇరుసు కొలతలు విడి కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను, చూడు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అంటే ఇదే. ముందు పాడైంది ఒక ఇరుసు, బాగుచేశాక పాడైంది సగం గడియారం.

ట్రస్టీల కోసం కార్డు కూడా రాసేశాను. గడియారం పక్కన పెడతాం. 'అజ్ఞాని చేతి మరమ్మతు: దారం, సూది' అని. డైరెక్టరుకి ఎంత నచ్చిందంటే, తీసేసిన సూదినీ దారాన్నీ గాజు పెట్టెలో శాశ్వతంగా పెడదామన్నాడు. స్కూలు పిల్లలు వచ్చి చూసి నవ్వుకుంటారట. వచ్చే వారం నుంచి పీకడం మొదలుపెడతాను.

నీ
మేనకోడలు


దుకాణం
జులై

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది.

ఆ గడియారం సంగతి వదిలెయ్యి. ట్రస్టీలకి ఇంకేదైనా చూపించు. మీ మ్యూజియంలో గడియారాలకి కరువా? ఆ దారాన్ని తియ్యకు. దారం వల్ల గడియారానికి నష్టమేమీ లేదు, ఆలోచించు. ఇరుసు మార్చాల్సి వస్తే మార్చు, అందులో తప్పు లేదు. గాజు పెట్టెలో పెట్టడం మాత్రం వద్దు. ఆ కార్డు చించెయ్యి.

ఎవడో ఊళ్ళు పట్టుకు తిరిగే రిపేరువాడు చేసుంటాడు. అలాంటివాళ్ళకి బల్ల ఉండదు, పనిముట్లు ఉండవు. చేతిలో ఉన్నదానితో చేస్తారు. గుడ్డికన్నా మెల్ల నయం కదా. ఎంతైనా కొన్నాళ్ళు నడిచే ఉంటుంది.

అత్తయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపించలేదు.

మామయ్య


నా గది
ఆగస్టు

మామయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జ్వరమేమైనా వచ్చిందా? అందులో ఒక్క తిట్టు లేదు. గుడ్డికన్నా మెల్ల నయమట. ఆ మాట నీ నోటినుంచి రావడానికి నేను చేసిన మొదటి ఇరుసు దగ్గర్నుంచి ఎదురుచూస్తున్నాను. నా ఇరుసు చూసి నువ్వేమన్నావో గుర్తుందా? "దీన్ని పళ్ళు కుట్టుకోవడానికి ఉంచుకో" అన్నావు.

నాకొక అనుమానం. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ పద్ధతి. కొంపదీసి గునపం నువ్వేనా? చిన్నప్పుడు తాతగారికి తెలియకుండా చేశావా? అదే అయితే నిజం చెప్పెయ్యి, కార్డు మీద నీ పేరు కూడా రాయిస్తాను. దుకాణానికి కాస్త ప్రచారం.

ఉత్తరం ఇక్కడిదాకా రాసి ఆపాను. బయట వాన. బజారుకి వెళ్ళాలని అమ్మ కుట్టిన నీలం కోటు తీశాను. మోచేతుల దగ్గర పలచబడినా పారెయ్యలేదు. బొత్తం పెట్టుకుంటుంటే కాజా వైపు చూపు పోయింది. కాజా చివర ఎవరైనా ముడి వేస్తారు. అమ్మ వెయ్యదు. ముడి ఒంటికి గుచ్చుకుంటుందని, వెనక్కి రెండు కుట్లు తిప్పి దారం కొసని కుట్టు కిందకే దూర్చేస్తుంది. నా బట్టలన్నిటికీ అలాగే కుట్టింది.

వానలోనే మ్యూజియానికి వెళ్ళాను. డయల్ కింద దారాన్ని మళ్ళీ చూశాను. దానికీ ముడి లేదు. వెనక్కి రెండు కుట్లు తిప్పి, కొస కిందకి దూర్చి ఉంది.

మీరు నాకు అబద్ధం రాశారు. ఊళ్ళు పట్టుకు తిరిగే రిపేరువాడట. అది మా అమ్మ. నేను రెండు నెలలుగా మా అమ్మని గదినిండా మనుషుల మధ్య గునపం గునపం అని పిలిచి నవ్వించాను. పాలిష్ లాంటివాడి చేత నవ్వించాను. మీకు తెలిసి కూడా చెప్పలేదు. మా అమ్మ గడియారం ముట్టుకున్నట్టు నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. ఏం జరిగిందో రాయండి. వినోదంగా అక్కర్లేదు.

మేనకోడలు


దుకాణం
ఆగస్టు

చిరంజీవి మేనకోడలికి,

నన్ను మీరు అన్నావు. ఇన్నేళ్ళలో మొదటిసారి. అనుకో, నాకేం తరిగిపోతుంది.

అవును, అది మీ అమ్మ పనే. కాజా కుట్టు అన్న మాట చదవగానే నాకు తెలిసింది. చనిపోయిన మనిషి పరువు తియ్యడమెందుకని దాచాను. తవ్వుకున్నది నువ్వు.

నీకింకా ఊహ తెలియని రోజులు. మీ నాన్న పోయాక నిన్ను చంకనేసుకుని మీ అమ్మ మా ఇంటికే వచ్చేసింది. దుకాణం వెనక గదిలో మిషన్ వేసుకుని కుట్టుపని చేసుకునేది. ఒకసారి సరుకు కోసం నేను పక్క ఊరు వెళ్ళాల్సి వచ్చింది. సొరుగుకి తాళం వేసుకుని వెళ్ళాను. ఎప్పుడూ వేసేదే, ఆమె కోసం ప్రత్యేకంగా వేసింది కాదు. ఆ డ్రైవరు వచ్చాడు. గడియారం ప్లాట్‌ఫారం మీద పడి ఆగిపోయింది, అది లేకుండా డ్యూటీ ఎక్కనివ్వరు. మా అన్నయ్య ఊళ్ళో లేడు అని చెప్పి పంపెయ్యాలి కదా. ఆమె పంపలేదు, తీసుకుంది. నేను తిరిగి వచ్చేలోపు బాగుచేసి ఇచ్చేసింది కూడా. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

కొన్నాళ్ళు నడిచి ఆగింది. డ్రైవరు ఈసారి నా దగ్గరికే తెచ్చాడు. విప్పాను. నువ్వు చూసిందే నేనూ చూశాను. నువ్వు నవ్వినట్టే నేనూ నవ్వాను. నీకూ నాకూ తేడా ఏమిటో నువ్వే చెప్పు.

దుకాణంలో నలుగురున్నారు. మీ అమ్మని లోపలినుంచి పిలిచాను. గడియారం ముందు పెట్టి, "అమ్మా, ఇది చొక్కా కాదు. వెళ్ళి బొత్తాలు కుట్టుకో" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. డ్రైవరు ఒక్కడే నవ్వలేదు. గడియారం నా చేతిలోంచి తీసుకుని, మూత వేసుకుని, "ఆ అమ్మాయి చేసింది నాకు చాలు" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆగిపోయిన గడియారం జేబులో వేసుకు తిరిగిన మూర్ఖుడు. అది అలాగే బీరువాలో పడి మీ దగ్గరికి చేరింది.

నేను తప్పేమన్నాను? పని బాగాలేదు. బాగాలేదని అన్నాను. నేర్చుకునేటప్పుడు నిన్ను అంతకంటే ఎక్కువే అన్నాను. నువ్వు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ బల్ల ముందు కూర్చున్నావు. ఆమె కూర్చోలేదు. గడియారం మీద అంత ప్రేముంటే వచ్చి అడగాల్సింది.

ఇప్పుడు నువ్వు పెద్దదానివి, న్యాయం చెప్పేదానివి. చెప్పు.

మామయ్య


మ్యూజియం, మరమ్మతు గది
అక్టోబరు

మామయ్యగారికి,

న్యాయం చెప్పమన్నారు. తీరిగ్గా ఆలోచించి రాస్తున్నాను.

ముందు మీరు నిజమన్నది ఒప్పుకుంటాను. అది చెత్త పనే. కూతుర్ని కాబట్టి మెచ్చుకోమని ఎవర్నీ అడగను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గాని ఆ ఇరుసు కాకికి కూడా ముద్దు రాదు. నేను నవ్వాను, మీరూ నవ్వారు, నిజమే. నేను ఎవరో తెలియని మనిషి పని చూసి నవ్వాను. అందుకు సిగ్గుపడుతున్నాను, జీవితాంతం పడతాను. మీరు ఎదురుగా నిలబెట్టి నవ్వారు. ఆ మనిషి మీ చెల్లెలు.

నేను ఏడ్చి మళ్ళీ బల్ల ముందు కూర్చున్నానట, ఆవిడ కూర్చోలేదట. నాకు బల్ల ఉంది మామయ్యగారూ. ఆవిడకి ఎక్కడుంది కూర్చోడానికి? తాతగారు కొడుక్కి బల్ల ఇచ్చారు, కూతురికి కుట్టుమిషన్ ఇచ్చారు. ఆయన తర్వాత మీరు ఆ తాళంచెవి మొలకి కట్టుకున్నారు. తాళం వేసి వెళ్ళి, తాళం లోపలున్న వస్తువులతో చెయ్యలేదేమని నవ్వారు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని చూశాను. మద్దెల దాచేసి ఆడమన్నవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నాను. ఆవిడ వచ్చి అడగాల్సిందన్నారు. అడిగింది. తనకి అడిగితే ఇవ్వరని తెలిసి, నాకోసం అడిగింది.

ట్రస్టీలు వచ్చి వెళ్ళారు. పాత కార్డు చించేశాను. కొత్తది రాశాను. 'మరమ్మతు చేసినది: ఒక దర్జీ. నేర్పినవారు: ఎవరూ లేరు' అని. దారం తియ్యలేదు. దాని వల్ల గడియారానికి నష్టం లేదని మీరే అన్నారు, అది నిజమే. సూది ఇరుసు మాత్రం తీశాను. ఉంచితే మిగతా రాళ్ళు కూడా పగులుతాయి. ఒక ట్రస్టీ కార్డు చదివి, "మరి ఇందులో మీ పనితనం ఏముందమ్మా?" అన్నాడు. ఏమీ లేదండి అన్నాను. పాలిష్ తన గడియారం చూపించాడు. ట్రస్టీ అందులో తన మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. పెద్ద బల్ల పాలిష్‌కి ఇచ్చారు. తగినవాడికి తగిన బల్ల. నాకు బాధ లేదని రాస్తే అబద్ధం, కాని ఏడుపు మాత్రం రాలేదు.

గడియారం ఇంకా ఆగే ఉంది. పగిలిన రాయి మార్చాను. కొత్త ఇరుసు చెయ్యాలి, లేత్ ముందు కూర్చుంటాను, చెయ్యి ఆడదు.

ఈ ఉత్తరంతో ఒక పొట్లం పంపుతున్నాను. అందులో మిషన్ సూదుల పాకెట్టు, ఒక ఆకురాయి, కొవ్వొత్తి, కత్తెర ఉన్నాయి. ఆవిడ దగ్గర ఉన్నవి అవే అనుకుంటాను. మీరు ఇంత పెద్ద మేస్త్రీ. సొరుగు తాళం తియ్యకుండా, లేత్ ముట్టుకోకుండా, వాటితో ఒక ఇరుసు చేసి చూడండి. చేశాక మీకు నచ్చినంత నవ్వండి. అప్పటివరకూ నాకు రాయకండి.

మేనకోడలు


దుకాణం, వెనక గది
డిసెంబరు

అమ్మాయ్,

పొట్లం విప్పి ముందు కోపంతో మూల పడేశాను. నా చేత పరీక్ష రాయిస్తావా అనుకున్నాను. తర్వాత మొండితనం వచ్చింది. ఎంతసేపు, ఒక పూట పని, చేసి దాని మొహాన కొడతాను అని కూర్చున్నాను.

సూదులన్నీ అయిపోయాయి. ఇంకో పాకెట్టు కొనుక్కొచ్చాను, అవీ అయిపోయాయి. కొన్ని విరిగాయి, కొన్ని మంటలో కాలి పాడయ్యాయి. చేత్తో పట్టుకుని అరగదీస్తే గుండ్రం రాదు అమ్మాయ్, ఎవరి తరమూ కాదు. సూది తిరుగుతూ ఉండాలి, తిరిగేదాని మీద రాయి ఆనించాలి. అందుకే లేత్ పుట్టింది. మరి ఆమెకి ఎలా వచ్చింది? వంకరో టింకరో, దాని నడుం గుండ్రంగానే ఉంది కదా. ఈ ఒక్క ప్రశ్న నన్ను తినేసింది. చివరికి నేను చేసింది ఒకటి చక్రంలో పట్టింది గాని, అందులోనే ఇరుక్కుపోయింది. మీ అమ్మదే నయం. కొన్నాళ్ళైనా నడిచింది.

అత్తయ్య నా అవస్థ చూసి సంగతేమిటని అడిగింది. చెప్పాను. ఆవిడ చేతిలో ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. తర్వాత అంది, "సూది కింద బట్ట పెట్టకుండా ఉత్త మిషన్ తొక్కేదండీ ఆ రోజుల్లో. గంటలకొద్దీ. నేను చూసి మతి పోయిందేమో అనుకున్నాను. అడిగితే మిషన్ బిగుసుకుందొదినా, వదులు చేస్తున్నాను అనేది."

మీ అమ్మ మిషన్ ఈ వెనక గదిలోనే ఉంది. అత్తయ్య దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతుంది. బట్టలు తీసి చూశాను. చక్రం పక్కన దారం చుట్టే కదురు ఉంటుంది కదా, తొక్కితే గిర్రున తిరిగేది. సూదిని అందులో బిగించి తొక్కింది. కదురు పక్కన ఇనుము మీద ఆకురాయి గీసుకున్న గుర్తులు లోతుగా ఉన్నాయి. ఒక్కసారి చేస్తే అంత లోతు పడదు. స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వని ఇంట్లో కూర్చుని, నా చెల్లెలు తనకొక లేత్ తయారు చేసుకుంది. గోడకి అవతల నేనున్నాను.

మిషన్ సొరుగులో బొత్తాల డబ్బా ఉంది. బొత్తాల కింద ఒక ఫ్లానెల్ గుడ్డ పేలిక మడతపెట్టి ఉంది. దానికి సూదులు గుచ్చినట్టు వరసగా ఇరుసులు గుచ్చి ఉన్నాయి. మొదటివి నీ దగ్గరున్నదానిలాగే ఉన్నాయి. వరస వెంట పోతుంటే మొనలు సన్నబడ్డాయి, గాడి కనపడకుండా అరిగింది. సగం దాటాక ఉక్కు రంగు మారింది. అంటే మంటలో కాల్చి, చల్లార్చి, గట్టిపరచడం కనిపెట్టింది. ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు. చివరిది కొసనుంచి కొసదాకా ఒక్కటే నీలం రంగు, పదును సరిగ్గా కుదిరితేనే వచ్చేది. నీ చేత అలాంటి నీలం రప్పించడానికి నాకు ఎంతకాలం పట్టిందో నీకు తెలుసు.

ఇవన్నీ ఆ రోజు తర్వాతవి. బొత్తాలు కుట్టుకో అని నేను అన్న తర్వాతవి. అంతకుముందు ఆమె చేసింది ఒక్కటే, అది డ్రైవరు తీసుకుపోయాడు. అన్నీ ఒకే కొలత. నువ్వు జులైలో రాసి పంపిన కొలతలు తీసి చూశాను, ఆ గడియారం కొలతే. డ్రైవరు మళ్ళీ వస్తాడనీ, ఈసారి సరైనది వేసి ఇవ్వాలనీ చేసి ఉంచింది. ఆయన రాకుండా చేసింది నేను.

ఆ రోజుల్లో ఈ గదిలోంచి మిషన్ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉండేది. బుద్ధొచ్చింది, బొత్తాలు కుట్టుకుంటోంది అనుకునేవాణ్ణి. వచ్చిన ప్రతి బేరానికీ ఆ కథ చెప్పి నవ్వించేవాణ్ణి. ఆమెకి వినపడేలాగే చెప్పేవాణ్ణి. చెల్లెలు పోయినప్పుడు నేను ఏడవలేదు, నలుగురిలో ఏడవడమేమిటని. మొన్న ఈ మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను. అత్తయ్య చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

చివరి ఇరుసు ఆ ఫ్లానెల్ పేలికతోనే పంపుతున్నాను. గడియారంలో పెట్టు. మీ డైరెక్టరు ఒప్పుకోకపోతే నేను వచ్చి మాట్లాడతాను. నన్ను నువ్వు అంటావో మీరు అంటావో నీ ఇష్టం, అడగను. పంపేముందు దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. నా సంగతి తెలుసుగా, తప్పు పట్టందే నిద్ర పట్టదు. పొద్దున చూశాను, అత్తయ్య అన్నానికి పిలిచేదాకా చూశాను, తిని వచ్చి మళ్ళీ చూశాను. ఏ తప్పూ దొరకలేదు.

మీ అమ్మ అన్నయ్య